ఇంజను మారింది, కారు మిగిలింది – లోటస్ సెవెన్ కథ

ఇంగ్లాండులో 1957లో పుట్టిన ఒక చిన్న స్పోర్ట్స్ కారు ఈనాటికీ దాదాపు అదే రూపంలో తయారవుతోంది. దానికి సరైన తలుపులు లేవు. పైకప్పు లేదు, వాన వస్తే గుడ్డ కప్పుకోవాలి. ఇద్దరే కూర్చోవచ్చు. సామాను పెట్టుకోవడానికి చోటు అంతంత మాత్రమే. ముందు చక్రాలు బండి ఒంటికి బయటే, చిన్న మడ్‌గార్డుల కింద తిరుగుతుంటాయి. దాని పేరు లోటస్ సెవెన్. 1973లో చేతులు మారిన తర్వాత దాన్ని కేటర్‌హామ్ సెవెన్ అంటున్నారు.

ఈ కారును చాలామంది తయారైన బండిగా కొనలేదు. విడిభాగాలు తెచ్చుకుని, ఇంటి దగ్గర షెడ్డులో సొంత చేతులతో బిగించుకున్నారు. ఇలాంటి వాటిని కిట్ కార్లు అంటారు. ఇందులో విశేషం ఏమిటంటే, ఇంతకాలం బతికిన ఈ కారుకు దాదాపు ఎప్పుడూ అరువు ఇంజనే. పెద్ద కంపెనీలు మామూలు జనం తిరిగే కార్ల కోసం చేసిన ఇంజన్లనే ఇందులో పెట్టుకున్నారు. ఆ పెద్ద కంపెనీ ఇంజనును ఆపేసిన రోజున ఈ చిన్న కారు మరో ఇంజను వెతుక్కోవాలి. లేకపోతే దాని కథ అక్కడితో సరి. అలా చాలాసార్లు వెతుక్కుంది. ప్రతిసారీ ఏ లెక్కతో వెతుక్కుందో చూస్తే, ఒక యంత్రం ఎలా కాలానికి ఆగుతుందో మనకు అర్థమవుతుంది.

పన్ను వల్ల పుట్టిన కిట్టు

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా 1940లో బ్రిటన్ ప్రభుత్వం కొనుగోలు పన్ను పెట్టింది. యుద్ధం అయిపోయింది గానీ పన్ను పోలేదు. కొత్త కార్ల మీద అది గట్టిగానే పడేది. అయితే ఒక సందు ఉంది. తయారైన కారు కొంటే పన్ను కట్టాలి. విడిభాగాలు కొని మనమే బిగించుకుంటే ఆ పన్ను లేదు.

ఆ రోజుల్లో కోలిన్ చాప్‌మన్ అనే యువకుడు లండన్‌లో ఇంజనీరింగ్ చదువుతూ, పాత ఆస్టిన్ సెవెన్ కారు ఒకటి తీసుకుని 1948లో తన మొదటి కారు చేసుకున్నాడు. 1952లో ఉత్తర లండన్‌లోని హార్న్‌సీలో లోటస్ కంపెనీ మొదలుపెట్టాడు. మొదటి వర్క్‌షాపు తండ్రి హోటలు వెనక ఉన్న పాత గుర్రపుశాల. 1957లో సెవెన్ వచ్చింది. సన్నని ఉక్కు గొట్టాలను అతికి అస్థిపంజరం లాంటి చాసిస్ చేసి, దానిమీద అల్యూమినియం రేకు తొడిగాడు. మొత్తం బరువు సుమారు అర టన్ను. మన అంబాసిడర్ ఒక్కటే టన్ను దాటుతుంది కదా, దాంతో పోల్చుకుంటే ఎంత తేలికో తెలుస్తుంది.

తయారైన కారుగా పన్నుతో కలిపి కొంటే సెవెన్ ధర 1,036 పౌండ్లు. కిట్టుగా కొంటే 536 పౌండ్లు. దాదాపు సగం! కిట్టుతోపాటు ఎలా బిగించాలో చెప్పే పుస్తకం ఇస్తే పన్ను మినహాయింపు పోతుంది. అందుకని లోటస్ వాళ్లు కారును ఎలా విప్పాలో చెప్పే కాగితాలు ఇచ్చేవారట. కొన్నవాడు వాటిని చివరి నుంచి మొదటికి చదువుకుంటే సరిపోయేది. ఈ ముచ్చట అక్కడి కార్ల అభిమానులు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు.

మొదటి ఇంజన్లు: ఫోర్డు, ఫైర్ పంపు

మొదటి సెవెన్‌లో పెట్టింది ఫోర్డు వారి 1172 సీసీ సైడ్‌వాల్వ్ ఇంజను. బలం సుమారు 40 హార్స్‌పవర్. అప్పటికే అది పాత కాలపు పద్ధతి ఇంజను. మరి చాప్‌మన్ అంతటివాడు దాన్నే ఎందుకు ఎంచుకున్నాడు? మూడు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, చవక. రెండు, ఫోర్డు కార్లు దేశమంతా తిరుగుతున్నాయి కాబట్టి ఏ ఊళ్లోనైనా స్పేరు పార్టులు దొరుకుతాయి, ఏ మెకానిక్కుకైనా దాని సంగతి తెలుసు. మూడు, ఆ ఇంజను ఉన్న కార్లకు ప్రత్యేకంగా పందేలు కూడా జరిగేవి. డబ్బు తక్కువ ఉన్న కుర్రాళ్లు వారం రోజులూ అదే కారులో పనికి వెళ్లి, ఆదివారం అదే కారుతో పందెంలో దిగేవారు.

డబ్బు ఉన్నవాళ్లకు మరో ఇంజను ఉండేది. దాని పేరు కోవెంట్రీ క్లైమాక్స్. దాని పుట్టుక వింతగా ఉంటుంది. మంటలు ఆర్పే పంపును మనుషులు చేతులతో మోసుకుపోవాలి, కాబట్టి దానికి చాలా తేలికైన ఇంజను కావాలని ప్రభుత్వం అడిగింది. వాల్టర్ హసన్, హ్యారీ ముండీ అనే ఇంజనీర్లు అల్యూమినియంతో అలాంటి ఇంజను చేశారు. తేలికగా ఉండి, గిరగిరా తిరిగే ఇంజను అంటే పందెం కార్లవాళ్లు ఊరుకుంటారా? దాన్ని 1,098 సీసీకి పెంచి కార్లలో పెట్టుకున్నారు. సెవెన్‌లో అది సుమారు 75 హార్స్‌పవర్ ఇచ్చేది. అగ్గిని ఆర్పడానికి పుట్టిన ఇంజను రోడ్డు మీద అగ్గి పుట్టించిందన్నమాట! కానీ అది ఖరీదు. అందుకే ఆ ఇంజనుతో కొద్ది కార్లే వచ్చాయి. మంచి ఇంజను ఒక్కటే చాలదు, కొనగలిగే ఇంజను కావాలి.

ఒకే కుటుంబంలోని ఇంజన్లు

1959లో ఫోర్డు ఆంగ్లియా అనే చిన్న కారుతోపాటు 997 సీసీ కొత్త ఇంజను వచ్చింది. దాని సిలిండరు వెడల్పు ఎక్కువ, పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం తక్కువ. పిస్టన్ తక్కువ దూరం కదిలితే ఇంజను విరగకుండా ఎక్కువ వేగంగా తిరగగలదు. లోటస్‌లో పనిచేసిన కీత్ డక్‌వర్త్, మైక్ కాస్టిన్ అనే ఇద్దరు 1958లో కాస్‌వర్త్ అనే కంపెనీ పెట్టుకున్నారు. ఇద్దరి పేర్లు కలిపితే ఆ కంపెనీ పేరు వచ్చింది. ఈ ఫోర్డు ఇంజనుకు పదును పెట్టడంలో వాళ్లు పేరు తెచ్చుకున్నారు.

ఆ తర్వాత ఫోర్డు అదే ఇంజనును పెంచుకుంటూ పోయింది. 1340 సీసీ, 1498 సీసీ, చివరికి 1598 సీసీ. పేర్లు మారాయి, బలం పెరిగింది, కానీ కుటుంబం ఒక్కటే. దీనివల్ల కిట్ కారు వాళ్లకు ఎంత లాభమో చూడండి. ఇంజను కొత్తదైనా దాన్ని చాసిస్‌కు బిగించే తీరు పెద్దగా మారదు. పాత కారు ఉన్నవాడు కూడా తర్వాత ఎప్పుడో పెద్ద ఇంజను తెచ్చుకుని అందులో పెట్టుకోవచ్చు. ఇల్లంతా పడగొట్టకుండా ఒక గది మార్చుకున్నట్టు.

1960లలో లోటస్ ఫోర్డు బ్లాకు మీద తన సొంత హెడ్ పెట్టి ట్విన్ కామ్ అనే ఇంజను కూడా చేసింది. దాని హెడ్‌ను రూపొందించింది ఫైర్ పంపు ఇంజను చేసిన ఆ హ్యారీ ముండీయే.

కొత్త ఇంజను ఎంచుకునేటప్పుడు చూసే లెక్కలు

ఇక్కడ కాస్త ఆగి, ఇంజను మార్చాలంటే ఏమేం చూడాలో తెలుసుకుందాం. మా సోలాపూర్ పిల్లలకు ఇది సాంచాల ఉదాహరణతో చెప్తే తొందరగా అర్థమవుతుంది. సాంచాకు ఉన్న మోటారు కాలిపోయిందనుకోండి. రెట్టింపు హార్స్‌పవర్ మోటారు తెచ్చి పెడితే గుడ్డ రెట్టింపు రాదు. నూలు తెగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. పునాది బోల్టులు కలవాలి, పుల్లీ కలవాలి, బెల్టు సరిపోవాలి. రేపు పాడైతే మన ఊళ్లో బాగుచేసేవాడు ఉండాలి. కారుకూ అంతే.

మొదటిది బరువు. సెవెన్‌లో ఇంజను ముందు ఉంటుంది. బరువైన ఇంజను పెడితే ముక్కు బరువెక్కుతుంది. మలుపులో స్టీరింగ్ తిప్పినా బండి నేరుగా పోవాలని చూస్తుంది. స్ప్రింగులు, బ్రేకులు అన్నీ మార్చాల్సి వస్తుంది. తేలికదనం కోసమే చేసిన కారులో బరువు పెంచితే ఇక దాని అర్థం ఏముంది?

రెండోది కొలతలు. సెవెన్ బానెట్ చాలా కిందికి ఉంటుంది. ఇంజను ఎత్తుగా ఉంటే బానెట్ మూతపడదు. పోనీ కిందికి దించుదామంటే, ఆయిలు ఉండే అడుగు పెట్టె, అదే సంపు, నేలకు తగులుతుంది. అందుకే కొందరు సంపును కోసి పొట్టిగా చేస్తారు. మరికొందరు ఆయిలును వేరే ట్యాంకులో పెట్టి పంపుతో తిప్పుతారు.

మూడోది ఇంజను నిలబడే దిక్కు. సెవెన్‌లో ఇంజను నిలువుగా ఉంటుంది, వెనక గేరుబాక్సు, దాని వెనక తిరిగే కడ్డీ, ఆ తర్వాత వెనక చక్రాలు. 1970లు, 80లలో చిన్న కార్లన్నీ ముందు చక్రాలతో నడిచేవిగా మారాయి. వాటిలో ఇంజను అడ్డంగా ఉంటుంది. అలాంటి ఇంజనును తిప్పి నిలువుగా పెట్టాలంటే గేరుబాక్సుకు కలిపే కొత్త డొప్ప కావాలి, నీళ్ల పైపులు, ఇన్‌టేక్, సైలెన్సరు గొట్టాలు అన్నీ కొత్తగా చేయాలి. ఇంజను పాత సామాన్ల దుకాణంలో చవకగా దొరికినా, దాన్ని అమర్చే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

నాలుగోది గేరుబాక్సు, వెనక ఇరుసు. ఇంజను బలం పెరిగితే ఆ బలం ఎక్కడో ఒకచోట పడాలి. గొలుసులో బలహీనమైన కొలికి ఎక్కడుంటే అక్కడ తెగుతుంది. ఐదోది, ఇంకో పదేళ్లకు ఆ ఇంజను, దాని పార్టులు దొరుకుతాయా అన్నది. సెవెన్ చరిత్రలో అన్నిటికంటే ఎక్కువ కష్టం ఈ ఐదో లెక్కతోనే వచ్చింది.

పన్ను పోయింది, కారు నిలిచింది

1973 ఏప్రిల్ 1న బ్రిటన్‌లో కొనుగోలు పన్ను పోయి విలువ ఆధారిత పన్ను, అంటే వ్యాట్ వచ్చింది. దాంతో కిట్టుకు ఉన్న పన్ను లాభం పోయింది. ఏ కారణంతో సెవెన్ పుట్టిందో ఆ కారణమే లేకుండా పోయింది. లోటస్ అప్పటికే ఖరీదైన కార్ల వైపు మళ్లింది. సెవెన్ హక్కులను గ్రాహమ్ నియర్న్ నడిపే కేటర్‌హామ్ కార్స్ అనే చిన్న అమ్మకం సంస్థ తీసుకుంది. మొదట లోటస్ ట్విన్ కామ్ ఇంజన్లు పెట్టింది. కొన్నాళ్లకు అవి దొరకడం కష్టమైంది. అప్పుడు కేటర్‌హామ్ మళ్లీ ఫోర్డు 1600 ‘క్రాస్‌ఫ్లో’ ఇంజను వైపు తిరిగింది. బ్లాకూ హెడ్డూ రెండూ ఇనుమే, బరువే. అయినా అందరికీ తెలిసిన ఇంజను, ఎక్కడైనా దొరికే ఇంజను.

1990 నాటికి ఆ ఇంజను కూడా ముసలిదైంది. కార్బురేటరుతో నడిచే పాత ఇంజన్లు కొత్త పొగ నియమాలకు నిలబడలేవు. కేటర్‌హామ్ ముందు రెండు దారులు కనిపించాయి. ఒకటి వాక్స్‌హాల్ వారి 2 లీటర్ల 16 వాల్వుల ఇంజను, 175 హార్స్‌పవర్. రెండోది రోవర్ వారి కె-సిరీస్ 1.4 లీటర్ల ఇంజను, సుమారు 103 హార్స్‌పవర్. మొదటిది బలమైనది. రెండోది చిన్నది, కానీ అల్యూమినియంతో చేసింది, తేలిక. కేటర్‌హామ్ రెండూ అమ్మింది. వాక్స్‌హాల్ ఇంజనునే 250 హార్స్‌పవర్‌కు పెంచి 1992లో జేపీఈ అనే కారు తెచ్చి సంచలనం చేసింది. కానీ ఏళ్ల తరబడి కంపెనీని మోసింది మాత్రం చిన్న రోవర్ ఇంజనే. సెవెన్ స్వభావానికి అదే సరిగ్గా సరిపోయింది.

అప్పుడు వచ్చింది అసలు దెబ్బ. 2005 ఏప్రిల్‌లో ఎంజీ రోవర్ కంపెనీ దివాలా తీసింది. వేలమంది కార్మికులు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. సెవెన్ చేసేవాళ్ల తప్పు అందులో ఏమీ లేదు. అయినా వాళ్ల ఇంజను ఆగిపోయింది. కేటర్‌హామ్ మళ్లీ ఫోర్డు గుమ్మం ఎక్కింది. చిన్న కార్లకు 1.6 లీటర్ల సిగ్మా, పెద్దవాటికి డ్యూరాటెక్ ఇంజను ఎంచుకుంది. రెండూ అల్యూమినియం ఇంజన్లే, రెండూ లక్షల కార్లలో తిరుగుతున్నవే. ఒకసారి దెబ్బతిన్న తర్వాత అందరూ వాడే ఇంజనే మేలని ఎవరికైనా అనిపిస్తుంది కదా.

ఇంటి షెడ్డులో ఇదే ప్రశ్న

కంపెనీకి వచ్చిన కష్టమే ఇంట్లో కారు కట్టుకునేవాళ్లకూ వచ్చింది. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చని ఒక పుస్తకం రాశాడు. అది చదివి ఎంతోమంది గొట్టాలు కోసి వెల్డింగ్ మొదలుపెట్టారు. ఇంజను, గేరుబాక్సు, ఇరుసు అన్నీ పాత ఫోర్డు ఎస్కార్టు కారు నుంచి తీసుకోవాలి. కానీ వెనక చక్రాలతో నడిచే ఆ ఎస్కార్టు తయారీ 1980లోనే ఆగిపోయింది. ఉన్నవి తుప్పుపట్టి తగ్గిపోయాయి, మిగిలినవాటికి ధర పెరిగింది. చవక కారు కోసం మొదలుపెట్టినవాడికి చవక ఇంజనే దొరకని పరిస్థితి.

అప్పుడు చాలామంది మాజ్దా ఎంఎక్స్-5 వైపు చూశారు. 1989లో వచ్చిన ఆ జపాన్ కారులో ఇంజను నిలువుగానే ఉంటుంది, గేరుబాక్సు దానికే అతుక్కుని ఉంటుంది, నడిపేది వెనక చక్రాలనే. ఒక్క పాత కారు కొంటే కావలసినవన్నీ ఒకేచోట వచ్చేస్తాయి. మరికొందరు మోటారుసైకిలు ఇంజన్లు పెట్టారు. అవి చాలా తేలిక, గేర్లు కూడా అందులోనే ఉంటాయి. కానీ మోటారుసైకిలుకు రివర్సు గేరు ఉండదు కదా! వెనక్కి వెళ్లాలంటే దానికి వేరే ఏర్పాటు చేసుకోవాలి, లేదా దిగి తోసుకోవాలి. పందెం మైదానంలో అది సరే, బజారులో కష్టం.

చిన్న ఇంజను గెలిచిన రోజు

ఇంజను అంటే పెరుగుతూ పోవాలి అనుకుంటాం. 2013లో కేటర్‌హామ్ దానికి ఎదురు నడిచింది. సుజుకి వారి 660 సీసీ, మూడు సిలిండర్ల టర్బో ఇంజనుతో 160 అనే మోడలు చూపించింది. బలం 80 హార్స్‌పవర్, కారు బరువు 490 కిలోలు. 1957లో పెట్టిన మొదటి ఇంజను 1172 సీసీ, 40 హార్స్‌పవర్. అంటే ఇంజను సగం దాకా తగ్గింది, బలం రెట్టింపైంది. 2021లో వచ్చిన 170 అనే మోడలు 84 హార్స్‌పవర్, 440 కిలోలే. అది జపాన్‌లో ‘కే’ కార్లు అనే చిన్న కార్ల కొలతల్లో కూడా ఇమిడిపోయింది. అదే ఏడు జపాన్‌కు చెందిన వీటీ హోల్డింగ్స్ కేటర్‌హామ్‌ను కొనుక్కుంది.

ఇప్పుడు ముందున్న ప్రశ్న కరెంటు మోటారు. మోటారు చిన్నదే, బ్యాటరీ మాత్రం బరువు. 2023లో కేటర్‌హామ్ ప్రయోగంగా ఒక విద్యుత్ సెవెన్ చేసి చూపించింది. బరువు 700 కిలోల లోపు ఉండాలన్నది దాని లక్ష్యం. మామూలు కారుకు అది తక్కువే, సెవెన్‌కు మాత్రం ఎక్కువ. 1957 నాటి మొదటి లెక్కే, బరువు లెక్కే, మళ్లీ ఎదురొచ్చింది.

మన దగ్గరి మాట

ఇది దూరదేశపు కథే అయినా మనకు దగ్గరి ముడి ఒకటి ఉంది. సెవెన్ మొదలైన 1957లోనే మన దేశంలో అంబాసిడర్ మొదలైంది. అదీ ఇంగ్లాండు నమూనాయే, దానికీ ఇంజన్లు మార్చారు. 1992లో జపాన్ వారి ఇసుజు 1.8 లీటర్ల ఇంజను అందులోకి వచ్చింది. కాంటెస్సా కారులోనూ ఇసుజు ఇంజనే. తర్వాత మన మహారాష్ట్రలో చింకారా అనే చిన్న కంపెనీ సెవెన్ తరహాలో ఒక రోడ్‌స్టర్ చేసినప్పుడు ఎంచుకున్నదీ ఆ ఇసుజు 1.8 ఇంజనే. అంటే ఇంగ్లాండులో చాప్‌మన్ వేసిన లెక్కే ఇక్కడా వేశారు: మన రోడ్ల మీద ఇప్పటికే తిరుగుతున్నది, మన మెకానిక్కులకు తెలిసినది తీసుకోవాలి.

ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. మన దేశంలో బండి ఇంజను ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఆర్సీ పుస్తకంలో ఇంజను నంబరు, చాసిస్ నంబరు రెండూ రాసి ఉంటాయి. ఆర్టీఓ అనుమతి లేకుండా ఇంజను మారిస్తే ఆ బండి రోడ్డెక్కకూడదు.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. దానికి చాలా కారణాలున్నాయి, ఒక్క ఇంజను మీదే తోసేయలేం. సెవెన్ మాత్రం ఇంకా తయారవుతోంది. దాని అదృష్టం అనుకోవచ్చు. కానీ చరిత్ర చూస్తే అదృష్టం కంటే తెలివే ఎక్కువ కనిపిస్తుంది. ఏది మార్చవచ్చో, ఏది మార్చకూడదో దాన్ని చేసినవాళ్లకు స్పష్టంగా తెలుసు. ఇంజను ఫోర్డుదా, రోవర్‌దా, సుజుకిదా అన్నది మార్చవచ్చు. తేలికదనాన్ని మార్చకూడదు, ఇంట్లో ఒక మామూలు మనిషి తన చేతులతో బిగించుకోగలిగే సులువును మార్చకూడదు. కొత్త ఇంజను వచ్చిన ప్రతిసారీ ‘ఇది ఎంత బలమైనది’ అని అడిగే ముందు ‘ఇది మన బండికి సరిపోతుందా, రేపు దొరుకుతుందా’ అని అడిగారు. అందుకే అరువు ఇంజన్లతోనే ఆ కారు ఇన్నేళ్లు సొంత పేరుతో నడిచింది.